ఏటి అవతల సారసాలు

సింగపూర్‌లో క్రేన్ అంటే కట్టడాల నెత్తిన చెయ్యి చాచుకుని తిరిగే ఇనుప యంత్రం. నాకు తెలిసిన క్రేన్ అదొక్కటే. ఆ పేరుతో ఒక పక్షి ఉందనీ, మన పెద్దవాళ్ళు సారసమని పిలిచిన జాతిదేననీ, చలికాలం ముందు ఉత్తర దేశాల నుంచి వేలకు వేలు స్పెయిన్‌లో దిగుతుందనీ నాకు చెప్పింది సరోజ ఆంటీ. ఈ ప్రయాణం ఆవిడది. నేను తోడు వెళ్ళినదాన్ని మాత్రమే. చూడాలని అంత దూరం వెళ్ళినది ఆవిడైతే, చూసి వచ్చినది నేనయ్యాను. అందుకే ఇది రాస్తుంటే చెయ్యి ముందుకు సాగడం లేదు.

ఆంటీది సింగపూర్‌లోని బెడోక్. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ, చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసి రిటైరయిందీ అంతా ఇక్కడే. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ తెలుగులో తాతనాటి మాటలు, ఇరుగుపొరుగు తమిళం, బజారు మలయ్ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. నాది తెనాలి. ఇదే నగరంలో ఆంగ్ మో కియోలో ఉంటాను. ఒక ఆదివారం క్రాంజీలో స్నేహితురాలి పొలానికి వెళ్ళి, తిరుగు బస్సు కోసం నిలబడి ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్నాను. అక్కడ బస్సు ఓ పట్టాన రాదు. పక్కన మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకున్న పెద్దావిడ నా ఫోను అయ్యేదాకా ఆగి, "ఏటమ్మా, తెలుగువాళ్ళా?" అన్నారు. బస్సు వచ్చేలోపు ఆవిడ నాకు మూడు రకాల కొంగలు చూపించారు. నాకు మూడూ ఒకేలా కనిపించాయి. ఆ తరువాత చాలా ఆదివారాలు ఆవిడతో నడిచాను, పక్షుల కోసం కాదు, ఆవిడ మాటల కోసం.

నిరుడు ఆవిడకు గ్లకోమా అని తేలింది. మనవాళ్ళు నీటికాసులంటారే, అదే. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో ఆపుకుంటూ రావడమే. పక్కచూపు అప్పటికే చాలా తగ్గిపోయింది. "గొట్టంలోంచి చూసినట్టుంటుంది పద్మా. గొట్టం మూసుకుపోయేలోగా ఆ కొక్కుల్ని ఒక్కసారి చూడాలి," అన్నారు. కొక్కు అంటే తమిళంలో కొంగ. సారసాలను కూడా ఆవిడ ఆ పేరుతోనే పిలిచేవారు. సాయంత్రం అవి గుంపులు గుంపులుగా వచ్చి లోతులేని నీళ్ళలో నిలబడే నిద్రపోతాయని ఎక్కడో చూశారట. నవంబరు చివర్లో బయలుదేరాం.

అడవీ కాదు, తోటా కాదు

మాద్రిద్ నుంచి బస్సులో పడమటికి, పోర్చుగల్ సరిహద్దు వైపు వెళ్ళాం. ఊళ్ళు పలచబడ్డాక చెట్లు మొదలయ్యాయి. ఓక్ చెట్లు. దేనికది విడిగా, గొడుగు విప్పినట్టు గుండ్రంగా, కింద పచ్చిగడ్డి. ఒక చెట్టు నీడ ఇంకో చెట్టు మీద పడదు. మన మెట్టపొలాల్లో తుమ్మచెట్లు అక్కడొకటి అక్కడొకటి నిలబడ్డట్టు, కనుచూపు మేరంతా అదే. అది అడవి కాదు, ఎవరో నాటిన తోటా కాదు. ఎన్నో తరాల కిందట అడవిని పలచన చేసి, మంచి చెట్లను ఉంచి, వాటి కింద గొర్రెల్నీ పందుల్నీ మేపుకుంటూ వస్తున్నారు. దాన్ని దెహెసా అంటారు. ఆకు చిన్నది, తోలులా మందం. చలికాలంలోనూ రాలదు.

మేం దిగిన ఊరికి ఒక చర్చి, రెండు కాఫీ కొట్లు, ఒక సత్రం. సత్రం యజమాని ఒక బట్టతల పెద్దాయన. ఆంటీ శాకాహారి అని ఫోన్లో అనువాదం చేసి చూపించాను. ఆయన గుండెమీద చెయ్యి వేసుకుని "అర్థమైంది" అన్నట్టు తల ఊపి, చిక్కుడుగింజల కూర తెచ్చాడు. అందులో ఎర్రటి ముక్కలు తేలుతున్నాయి. అవేమిటని అడిగితే, "అది మాంసం కాదు, రుచి కోసం కొంచెం పందితొడ," అన్నాడు. ఆంటీ పగలబడి నవ్వారు. ఆ రాత్రి ఆవిడ రొట్టె, జున్ను, ఎండు అంజూరాలతో మక్కాన్, అదే భోజనం, అయిందనిపించారు. పొద్దున కాఫీకి తీసుకున్న డబ్బు మా బ్లాకు కింద కోపీ కన్నా ఓ పిసరెక్కువ, అంతే. అంత దూరం వెళ్ళి ధర చూసి ఉలిక్కిపడకపోవడం మాకు కొత్త.

గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది. ఆంటీ అన్నిటికంటే ముందు చుక్కల మందు సీసా అందులో పెట్టారు. తెరిచిన సీసాకు ఆ చలిలో ఫ్రిజ్ అక్కర్లేదు. మన ఉక్కలో అలవాటైన చెయ్యి, అంతే.

పందులు లేని దేశం

మర్నాడు ఏటి వెంట నడిచాం. నీళ్ళు పలచగా, రాళ్ళ మధ్య నుంచి పారుతున్నాయి. ఒడ్డున సన్నటి కాలిబాట, మధ్యమధ్య కంచెలు, కంచెలకు ఇనుప గేట్లు. ఎవరైనా గేటు తెరిచి వెళ్ళవచ్చు, తీసినవాళ్ళు మూసి తీరాలి. అంతే నియమం. మా పార్కుల్లో ప్రతి మలుపుకీ ఒక బోర్డు, చేయకూడని పనుల బొమ్మలు, కట్టాల్సిన జరిమానా. ఇక్కడ బోర్డులు లేవు, గేట్లన్నీ మూసే ఉన్నాయి. ఆంటీ ప్రతి గేటు గొళ్ళేన్నీ రెండుసార్లు తడిమి చూసుకున్నారు. టీచరు కదా.

కొన్ని చెట్లకు మొదలు నుంచి మనిషెత్తు దాకా బెరడు ఒలిచేసి ఉంది. ఒలిచిన మేర కాషాయంగా, దాని మీద తెల్లరంగుతో ఒక అంకె. సీసాలకు బిరడాలు ఈ బెరడుతోనే చేస్తారు. ఒలిచిన ఏడాది గుర్తుండడానికి ఆ అంకె. మళ్ళీ తొమ్మిదేళ్ళకు గాని కత్తి పెట్టకూడదట.

ఒక వంపు తిరిగేసరికి నల్లటి పందులు, నలభై దాకా ఉంటాయి, చెట్ల కింద ఓక్ కాయలు నమిలే చప్పుడు. వాటి కాపరి గోడ మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. మేం ఎక్కణ్ణుంచి వచ్చామో ఫోను మీద చదువుకుని, తనూ ఒక ప్రశ్న కొట్టి ఇచ్చాడు. మీ దగ్గర పందులు ఏం తింటాయి?

"మా దగ్గర పందులు లేవు," అన్నాను.

"నా చిన్నప్పుడు ఉండేవి," అన్నారు ఆంటీ. "పొంగోల్ నిండా పందుల పాకలే. తరవాత మొత్తం తీసేశారు. ఇప్పుడక్కడ ఫ్లాట్లు."

అది అనువదించి చూపించాను. అతను రెండుసార్లు చదివాడు. "మరి పంది మాంసం?"

"ఉంది. పందులే లేవు."

అతను టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు, పరామర్శకు వచ్చినవాడిలా. తరువాత జేబులోంచి గుప్పెడు ఓక్ కాయలు తీసి ఆంటీ చేతిలో పోశాడు. ఆ సాయంత్రమంతా ఆంటీ తలుచుకుని తలుచుకుని నవ్వారు. ఆ ప్రయాణంలో మా మంచి రోజు అదే. అప్పుడు మాకు తెలియదు.

పక్షులు మాత్రం దూరంగానే ఉండిపోయాయి. ఎక్కడో గట్టు అవతల బాకా ఊదినట్టు అరుపు వినిపించేది. ఆంటీ బైనాక్యులర్స్ ఎత్తేలోగా ఆగిపోయేది. పగలు అవి చెట్ల మధ్య విడివిడిగా మేస్తాయని, పొద్దువాలాక నీళ్ళకు చేరతాయని, ఆ నీళ్ళు ఏటికి అవతల ఒక ముసలామె ఇంటి వెనక ఉన్నాయని సత్రం ఆయన చెప్పాడు.

ఫెలిసా పొయ్యి దగ్గర

మూడోనాడు ఏరు దాటాం. వంతెన లేదు. నీళ్ళలో చదునైన రాళ్ళు వరసగా వేసి ఉన్నాయి. నేను ముందు నడుస్తూ వెనక్కి చెయ్యి చాచితే, ఆంటీ "పెలాన్ పెలాన్, మెల్లగా" అని తనకు తనే చెప్పుకుంటూ ఒక్కొక్క రాయికీ ముందు కాలితో తడిమి అడుగు వేశారు. అవతలి ఒడ్డున ఒక ముసలామె కర్ర పట్టుకుని నిలబడి, మేం గట్టెక్కేదాకా ఊపిరి బిగబట్టి చూసి, ఎక్కగానే తిట్టడం మొదలుపెట్టింది. భాష తెలియకపోయినా తిట్టని తెలిసింది. మేం ఇంగ్లీషులో క్షమించమని అడిగాం. ఆమె కూడా ఇంగ్లీషులోకి మారి తిట్టింది.

ఆమె పేరు ఫెలిసా. వయసులో ఉండగా కొన్నేళ్ళు లండన్ హోటళ్ళలో గదులు ఊడ్చిందట. ఇంగ్లీషు తుప్పు పట్టింది కాని పని చేస్తుంది. భర్త పోయాడు. ముప్ఫై గొర్రెలు, ఒక కుక్క, రాతి ఇల్లు. లోపల పొయ్యి మండుతోంది. ఎండు రొట్టె, వెల్లుల్లి, ఎర్ర మిరపపొడి వేసి చారులాంటిది కాచి పోసింది. ఒక గుక్కకే ఆంటీ కళ్ళు మెరిశాయి. "పద్మా, ఇది మనదే!" అన్నారు. తరువాత నిప్పుల్లో ఓక్ కాయలు కాల్చి ఒలిచి ఇచ్చింది. కాల్చిన పనసగింజ రుచి. ఆ మాట చెబితే పనస ఎలా ఉంటుందని అడిగింది. ఆంటీ చేతులు బారుగా చాచి చూపిస్తే నమ్మలేదు.

ఇంటి చుట్టూ తిప్పి చూపించింది. ఎగువ గట్టు మీద చెట్లు చాలా మటుకు ఎండి బూడిదరంగులో నిలబడి ఉన్నాయి. వేరులో తెగులట. ఒక కొమ్మతో మొదలై ఏడాది తిరిగేసరికి చెట్టు మొత్తం పోతుందట.

"నేను కాపరానికి వచ్చినప్పుడు ఈ గట్టంతా నీడే," అంది ఫెలిసా. "గొర్రెలు ఎండలో నిలబడటం నేను ముసలిదాన్నయ్యాకే చూశాను."

"కొత్త మొక్కలు పెట్టరా?" అన్నాను.

"పెడతాను. కాయ కాయడానికి ముప్ఫై ఏళ్ళు పడుతుంది. పెడుతూనే ఉన్నాను," అంది.

ఇంటి వెనక పల్లంలో పలచటి నీళ్ళు, చుట్టూ బురదలో పెద్ద పెద్ద మూడువేళ్ళ అడుగులు. ఆంటీ అక్కడ కూర్చుండిపోయి ఒక అడుగులో తన అరచెయ్యి పెట్టి కొలుచుకున్నారు. "ఎన్ని వస్తాయి?" అని అడిగారు.

"లెక్కపెట్టేంత తీరిక ఇవ్వవు. ఆకాశం మూసుకుపోతుంది. ఈ రాత్రికి ఇక్కడే ఉండండి. పొద్దుగూకాక ఆ రాళ్ళ మీద ఏరు దాటనివ్వను. పై గదిలో మంచం ఉంది, దుప్పట్లు ఉన్నాయి."

ఆంటీ నా వైపు చూశారు.

అప్పుడు నా మనసులో తిరిగినవి చెబుతాను. ఫోనులో సిగ్నల్ లేదు. మేం ఎక్కడున్నామో ఎవరికీ తెలియదు. డెబ్భై దాటిన మనిషి, తెలియని ఇంట్లో నిలువు నిచ్చెన మెట్లు. అన్నిటికీ మించి, చుక్కల మందు సత్రం ఫ్రిజ్‌లో ఉంది. ఒక్క రాత్రి తప్పితే ఆ మిగిలిన చూపులో ఎంత పోతుందో నాకు తెలియదు. తెలియనప్పుడు భయమే తెలిసినట్టు మాట్లాడుతుంది.

"ఆంటీ, మందు అక్కడుంది. రేపు మందు వెంట తెచ్చుకుని, సాయంత్రానికి వద్దాం. రేపు రాత్రి ఇక్కడే ఉందాం," అన్నాను.

"సరేనమ్మా, రేపు," అని ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు.

ఫెలిసా ఒడ్డుదాకా వచ్చి, మేం దాటేదాకా నిలబడింది. సగం దూరం నడిచామో లేదో, వెనక గట్టు అవతల ఆ బాకాల మోత లేచింది. ఆంటీ ఆగి వెనక్కి తిరిగారు. మా మీద నుంచి ఒక్కటీ ఎగరలేదు.

వాన

ఆ రాత్రి వాన మొదలైంది. పెంకుల మీద మొదట చినుకులు, తరువాత ఒకటే హోరు. పొద్దున సత్రం ఆయన ముఖం వెలిగిపోతోంది. వేసవి నుంచి ఎదురు చూస్తున్న వానట. గొర్రెలకు గడ్డి, చెట్లకు ప్రాణం. వానకు సంబరపడేవాళ్ళ మధ్య వానను చూసి ఏడవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. మందు సీసా, మార్చుకునే బట్టలు, ఫెలిసాకు ఆంటీ బెడోక్ నుంచి తెచ్చిన అనాసపండు తీపి బిళ్ళల డబ్బా సంచిలో పెట్టుకుని బయలుదేరాం. బురద బూట్లకు అంటుకుని అడుగు అడుగుకూ బరువు. ఏటి మోత ముందే వినిపించింది. చేరేసరికి నిన్న పలచగా పారిన నీళ్ళు ఎర్రగా, కొమ్మల్నీ చెత్తనూ తిప్పుకుంటూ పోతున్నాయి. రాళ్ళు లేవు. ఉన్నచోట నీళ్ళు మాత్రం కొంచెం గుబ్బలా లేస్తున్నాయి.

అవతలి ఒడ్డున ఫెలిసా గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. ఏదో అరిచింది. ఏటి హోరులో మాకు చేరలేదు. ఆంటీ అనాస బిళ్ళల డబ్బా పైకెత్తి చూపించారు. ఎందుకు చూపించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫెలిసా తన కర్ర ఎత్తి ఊపింది. అలా ఇద్దరు ముసలివాళ్ళు నీళ్ళకు అటూ ఇటూ కాసేపు నిలబడ్డారు.

"వంతెన ఎక్కడైనా ఉందేమో చూద్దాం ఆంటీ," అన్నాను. ఉన్న వంతెన పెద్ద రోడ్డు మీద, కారులో చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ ఊళ్ళో అద్దె కారు లేదు. సత్రం ఆయన బండి చూస్తే, గడ్డి తేవడానికి పక్క ఊరెళ్ళి వానలో ఇరుక్కుపోయింది. మర్నాడు మధ్యాహ్నం మా తిరుగు బస్సు, ఆ రాత్రే విమానం.

"వద్దులే. ఇక్కడే కూర్చుందాం. వినపడతాయి కదా," అన్నారు ఆవిడ.

ఒక బండ తుడిచి కూర్చోబెట్టాను. పొద్దువాలింది. మొదట ఒక్క అరుపు, దానికి బదులు ఇంకొకటి, తరువాత ఆకాశమంతా మోత. గట్టు అవతలే, మబ్బు వెనకే. ఆంటీ మెడ ఎత్తి నోరు కొంచెం తెరిచి వింటున్నారు.

ఉన్నట్టుండి మబ్బు ఒకచోట చీలింది. అందులోంచి ఒక బారు, ఇరవైకి పైగా, మెడలు ముందుకు చాచి, కాళ్ళు వెనక్కి చాచి, మా నెత్తి మీదికి తిరిగాయి. రెక్కల చప్పుడు కూడా వినిపించేంత కిందుగా.

"ఆంటీ! అదిగో!"

"ఎక్కడ? ఎక్కడ పద్మా?"

"కుడివైపు, పైకి! ఇంకొంచెం పైకి!"

ఆవిడ బైనాక్యులర్స్ ఎత్తారు, దించారు, వట్టి కళ్ళతో వెతికారు. ఆ సన్నటి గొట్టంలోకి అంత పెద్ద ఆకాశాన్ని కొంచెం కొంచెంగా తెచ్చుకుని వెతుకుతున్నారు. నేను ఆవిడ గడ్డం రెండు చేతులతో పట్టుకుని తిప్పాను, చిన్నపిల్లకు జడ వేసేటప్పుడు తిప్పినట్టు. తిప్పేలోపు అవి మబ్బులో దూరిపోయాయి. చీలిక మూసుకుపోయింది.

పక్షులంటే ఏ కోరికా లేని నేను వాటి కడుపు కింద బూడిదరంగు ఈకల్ని కూడా చూశాను.

"కనిపించాయా ఆంటీ?"

"లేదమ్మా," అన్నారు. "నీకు కనిపించాయి కదా. ఎలా ఉన్నాయి, చెప్పు."

చెప్పాను. ఏటి మోత మీదుగా గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. అవతల ఫెలిసా గొడుగు ఎప్పుడు వెళ్ళిపోయిందో చూడలేదు.

మళ్ళీ బెడోక్

అనాస బిళ్ళల డబ్బా సత్రం ఆయనకిచ్చి ఫెలిసాకు చేర్చమన్నాం. తిరిగొచ్చాక చాలా రోజులు నేను ఈ ప్రయాణం గురించి ఎవరు అడిగినా పందుల కాపరి కథే చెప్పాను. అందరూ నవ్వేవారు.

ఏప్రిల్‌లో ఆంటీకి కళ్ళ పరీక్ష ఉంటే తోడు వెళ్ళాను. చూపు ఇంకా సన్నబడింది. డాక్టరు చిన్న వయసు చైనీస్ అమ్మాయి, ఓపికగా బొమ్మ గీసి చూపించింది. మందు క్రమంగా వేస్తున్నా కొందరికి ఇలాగే జరుగుతుందంది. నేను ఉండబట్టలేక, ప్రయాణాల్లో మందు ఎప్పుడైనా తప్పితే ఎంత నష్టం అని అడిగాను.

"ఒక్క రాత్రికి ఏం కాదు లా. మర్నాడు మామూలుగా వేసుకుంటే చాలు. రోజుల తరబడి మానేస్తేనే ప్రమాదం," అంది, సింగపూర్ యాసలో.

బయటికి వచ్చి మందుల కౌంటరు ముందు కుర్చీల్లో కూర్చున్నాం. కాసేపటికి ఆంటీయే నా మోచెయ్యి తట్టారు.

"అది నాకు తెలుసు పద్మా. బయలుదేరే ముందే అడిగాను. విమానంలో వేళలు మారిపోతాయి కదా, ఒక పూట తప్పితే ఎలాగ అని."

"తెలిసీ మరి ఆ రోజు ఎందుకు లేచొచ్చేశారు ఆంటీ? ఒక్క మాట చెప్పి ఉంటే ఉండిపోయేవాళ్ళం కదా!"

"చెప్తే నువ్వు ఉండిపోయేదానివి, నాకోసం. కాని నీ మొహం చూశాను కదా. భయంతో తెల్లబోయి ఉన్నావు. రాత్రంతా ఆ నిచ్చెన దగ్గర నాకు కాపలా కూర్చునేదానివి. అంత దూరం నన్ను తీసుకెళ్ళింది నువ్వే. నిన్ను అలా కూర్చోబెట్టి నేను కొక్కుల్ని చూసుకోవడమేటి?" అని ఆగారు. "రేపుంది కదా అనుకున్నాను. నేనూ అదే అనుకున్నాను, నీలాగే."

కౌంటరు మీద ఆవిడ నంబరు వెలిగింది. చదివి చెప్పాను. ఆవిడ లేచి, నా చెయ్యి కోసం పక్కకు చెయ్యి చాచారు. నేను ఉన్నది ఆ పక్క కాదు. చెయ్యి గాలిలో కొంచెం వెతికింది. నేను కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడకు కనిపించేలా ఎదురుగా నిలబడ్డాను.